ఒకటి నుంచి ఐదు దాకా 48 మంది పిల్లలు, ఒకే పెద్ద అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్: ఎలా వేయించాలి?

ముందు ప్రశ్న ఏమిటో రెండు మాటల్లో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. పుత్తూరు దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో పనిచేస్తున్న టీచర్ అడిగారు. ఐదు తరగతులకు కలిపి 48 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు, డ్రాయింగ్ మాస్టారు లేరు. నవంబరు 14కి పిల్లలందరి చేతా కలిపి ఒక పెద్ద అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ (మనిషి, చెట్టు లాంటి బొమ్మ కాకుండా రంగులు, ఆకారాలతోనే వేసేది) వేయించాలని ఉంది. చేతిలో 1,500 రూపాయలు ఉన్నాయి. అంతా గజిబిజి అయిపోతుందేమోనని, తల్లిదండ్రులు వచ్చి "ఇదేం బొమ్మ?" అంటే ఏం చెప్పాలో తెలియదని టెన్షన్.

వేయించవచ్చు మేడమ్. ఆ డబ్బులోనే అవుతుంది. కానీ 48 మందినీ ఒకే గుడ్డ చుట్టూ కూర్చోబెట్టకండి. తలా ఒక చిన్న చదరం ముక్క ఇవ్వండి. అందరికీ ఒకే నియమం పెట్టండి. రంగులు మూడు, వాటికి తోడు తెలుపు, అంతే. ఆరాక వాటిని ఎలా అమర్చాలో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. ఇంకొకటి, మిగతా అన్నిటికన్నా ముఖ్యమైనది: వాళ్లు గీసిన గీత మీద మీ చెయ్యి పడకూడదు.

నేను చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో 27 ఏళ్లు ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా, పనిచేసి రిటైరయ్యాను. చిత్రకళలో డిగ్రీ ఏమీ లేదు. ఈ పని మాత్రం పదిహేనుసార్లకు పైగా పిల్లలతో చేయించాను. అందులో మొదటి రెండుసార్లూ పాడు చేశాను, ఆ రెండిటి గురించే ముందు చెప్పాలి.

మొదటిసారి నేను మీరు అనుకుంటున్నట్టే చేశాను. జాక్సన్ పోలక్ అనే అమెరికన్ చిత్రకారుడు గుడ్డను నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగు ఒలకబోసి చిత్రాలు వేసేవాడు. 1947 నుంచి 1950 దాకా వేసినవే ఎక్కువ పేరు పొందాయి. ఇదైతే పిల్లలకు సులువు కదా అనుకుని, నాలుగు గజాల కోరా గుడ్డ తెచ్చి బడి ఆవరణలో పరిచాను. ఆరు రంగులు కలిపి పెట్టాను. నలభై మంది ఒక్కసారిగా దిగారు. పావుగంటలో గుడ్డంతా బురద రంగుకు వచ్చేసింది. ఎరుపూ ఆకుపచ్చా కలిసినా, నీలమూ నారింజా కలిసినా చివరికి మిగిలేది ఆ రంగే. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. నాలుగు, ఐదు తరగతుల మగపిల్లలు నడి గుడ్డను ఆక్రమించేశారు. ఒకటో తరగతి పిల్లలు అంచున నిలబడి చేతిలో బ్రష్ పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. అందరం కలిసి వేశామని ఆ రోజు బోర్డు మీద రాసుకున్నాం. నిజానికి వేసింది ఏడెనిమిది మంది.

పోలక్‌ది ఒలకబోయడమే అనుకోవడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది. రంగు ఎంత చిక్కగా ఉండాలి, చెయ్యి ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత వేగంగా కదలాలి అన్నది ఆయనకు చేతి అలవాటుగా వచ్చిన లెక్క. ఆయన ఎక్కువగా వాడింది ఇళ్లకు వేసే ఎనామెల్ పెయింటు. దాన్ని పిల్లల దగ్గరికి రానివ్వకండి. వాసన తలకెక్కుతుంది, కడగాలంటే టర్పెంటైన్ కావాలి.

అందుకే చదరాలు అంటున్నాను. ఎవరి ముక్క వాళ్ల చేతిలో ఉంటే ఎవరూ ఎవర్నీ తోసెయ్యలేరు. మరి అందులో కలిసి చేయడం ఏముంది అని మీకు అనిపించవచ్చు. ఒకే నియమానికి 48 మంది కట్టుబడటం ఒకటి, ముక్కలన్నిటినీ ఎక్కడ ఏది పెట్టాలని కూర్చుని తేల్చుకోవడం రెండు. పిల్లలు నిజంగా ఒకరి పనిని ఒకరు చూసేది ఆ రెండో దగ్గరే.

ఏ చిత్రాన్ని ఆధారంగా తీసుకోవాలి?

మీకు నా సలహా కాండిన్‌స్కీ వలయాలు. ఇంటర్నెట్‌లో ఈ చిత్రం మీరు చూసే ఉంటారు: పన్నెండు చదరాలు, ఒక్కో చదరంలో ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రాలు. వాసిలీ కాండిన్‌స్కీ 1866లో మాస్కోలో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, ముప్ఫై ఏళ్ల వయసులో ఆ దారి వదిలేసి బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాడు. ఈ వలయాలు 1913 నాటివి. అసలుది మ్యూనిక్‌లోనే లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంది.

చాలామంది టీచర్లకు తెలియని సంగతి ఏమిటంటే, అది గోడంత పెయింటింగ్ కాదు. మన ఏ4 కాగితం కన్నా కాస్త పెద్దది, దాదాపు 24 సెంటీమీటర్లు, 32 సెంటీమీటర్లు. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి ఆయన వేసుకున్న అభ్యాసం అది. మనం లెక్క చేసే ముందు రఫ్ పేపర్ మీద వేసుకుంటామే, అలాంటిది. పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి. "పెద్ద చిత్రకారుడి గొప్ప బొమ్మను మనం కాపీ చేద్దాం" అంటే వాళ్లు బిగుసుకుపోతారు. "ఆయన రంగులు సరిచూసుకున్నాడు, మనమూ చూద్దాం" అంటే చేతులు వదులవుతాయి. నేను రెండు రకాలుగానూ చెప్పి చూశాను, తేడా చాలా ఉంది.

ఇంకో లాభం ఉంది. మూడో తరగతి దాటేసరికి పిల్లలు "నాకు బొమ్మలు రావు టీచర్" అనడం మొదలుపెడతారు. ఆవు ఆవులాగా లేదని పక్కవాడు నవ్వుతాడు కాబట్టి. గుండ్రానికి ఆ భయం లేదు. ఏ గుండ్రం సరైన గుండ్రమో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తరగతిలో బాగా గీసే ఇద్దరు పిల్లలూ, అసలు గీయనని మొండికేసే పిల్లవాడూ ఒకే చోట నిలబడతారు. నేను ప్రైమరీ పిల్లలకు ఇలాంటి అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలే ముందు పెట్టడానికి పెద్ద కారణం ఇదే.

అలాగని 'మీ ఇష్టం వచ్చినట్టు వేయండి' అనకండి. ఏ హద్దూ లేకపోతే అందరూ జెండా, కొండ మధ్య సూర్యుడు, ఇల్లు వేసేస్తారు. మీ నియమం చిన్నదిగా, గట్టిగా ఉండాలి. నేను పెట్టేది ఇది: చదరం నడుమ ఒక చుక్కతో మొదలుపెట్టాలి, దాని చుట్టూ అంచు తగిలేదాకా వలయాలు వేయాలి, ఒకే రంగు రెండు వలయాలు పక్కపక్కన రాకూడదు. ఇంతే. ఈ మూడు ముక్కలూ ఒకటో తరగతి పిల్లలు కూడా తిరిగి అప్పజెప్పగలరు.

మొదటి శనివారం బ్రష్ ముట్టుకోకండి

మొదటి రోజు రెండు పనులే చేయించండి.

ఒకటి, ముగ్గు. ఆవరణలో 7 చుక్కలు, ఎదురు చుక్క, 7 వరుసలు. మొత్తం 49. మీ పిల్లలు 48 మంది, మీరొకరు: ఒక్కొక్కరు ఒక్క చుక్క. ముందే ఎవరూ కొలవకూడదు. పక్కవాళ్ల చుక్క ఎంత దూరంలో ఉందో చూసి తన చుక్క పెట్టాలి. వంకరగా వస్తుంది, రానివ్వండి. తర్వాత ఒకరు మెలిక మొదలుపెట్టి రెండు చుక్కలు దాటాక పిండి ఇంకొకరి చేతికి ఇవ్వాలి. ముగ్గు ఆడపిల్లల పని అని మగపిల్లలు దూరంగా నిలబడతారు. ఒక్క మాట చెప్పండి వాళ్లకు. ఎస్. హెచ్. రజా అనే పెద్ద చిత్రకారుడు 1922లో మధ్యప్రదేశ్‌లోని బాబరియా అనే పల్లెలో పుట్టాడు. ప్రైమరీ స్కూల్లో ఈయనకు కుదురు ఉండేది కాదట. ఒక టీచరు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడని రజా పెద్దయ్యాక చెప్పేవాడు. ఆ చుక్కే తర్వాత 'బిందు' పేరుతో ఆయన చిత్రాల నడుమకు వచ్చి కూర్చుంది. పల్లెటూరి బడి గోడ మీది చుక్క అన్నమాట. ఈ కథ చెప్పాక మా బడిలో ఒక అల్లరి పిల్లవాడు మూడు రోజులపాటు గోడ మీద చుక్కలు పెట్టాడు. తుడవలేదు నేను.

రెండోది, ఎరుపు ప్రయోగం. ఒకే ఎర్ర రంగు కాగితం లోంచి రూపాయి బిళ్లంత గుండ్రాలు రెండు కత్తిరించండి. ఒకటి పసుపు కాగితం మీద, ఒకటి ఆకుపచ్చ కాగితం మీద అంటించి పిల్లలకు చూపించి, "రెండు ఎరుపులూ ఒకటేనా?" అని అడగండి. సగం మంది కాదంటారు. ఆకుపచ్చ మీదిది ఎక్కువ ఎర్రగా ఉందంటారు. వాళ్ల కళ్ల ముందే రెండూ ఊడదీసి పక్కపక్కన పెట్టండి. ఆ క్షణం వాళ్ల మొహాలు చూడాలి మీరు.

దీని వెనక పెద్ద కథే ఉంది. పారిస్‌లోని గోబెలాఁ నేత కర్మాగారంలో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అద్దకాల విభాగం చూసేవాడు. నల్ల రంగు వేసిన నూలు నల్లగా రావడం లేదని ఫిర్యాదు వస్తే పరీక్షించాడు. రంగులో లోపం లేదు. పక్కన ఉన్న నీలం, ఊదా రంగుల వల్ల నలుపు వెలిసినట్టు కంటికి కనబడుతోంది. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. మన ఆడవాళ్లు చీర మీదికి జాకెట్ గుడ్డ కొనేటప్పుడు చీరను కొట్టుకు తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకునేది ఇందుకే. ఐదో తరగతి పిల్లలకు ఈ ఉదాహరణ చెబితే ఇంటికెళ్లి అమ్మను అడుగుతారు.

సామాను

చదరాలకు కొత్త చార్టులు కొనకండి. పాత పెళ్లి కార్డులు అడగండి, ప్రతి ఇంట్లో ఉంటాయి. మందంగా ఉంటాయి, తడిసినా ముడుచుకోవు. వెనక తెల్లగా ఉన్నవి ఏరుకుని 5 అంగుళాల చదరాలు కోయండి. అడ్డంగా 8, నిలువుగా 6 పెడితే 48 సరిపోతాయి, 40 అంగుళాలు, 30 అంగుళాల బొమ్మ అవుతుంది. నున్నగా మెరిసే కార్డుల మీద రంగు నిలవదు, అవి పక్కన పెట్టేయండి. వాడేసిన ఫ్లెక్సీలు ఉచితంగా దొరుకుతాయి కదా అని చాలామంది వాటి వెనక వేయిస్తుంటారు. ఫ్లెక్సీ ప్లాస్టిక్, పోస్టర్ కలర్ ఎండాక పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది.

రంగులు: ఎరుపు, పసుపు, నీలం పోస్టర్ కలర్ అర లీటరు డబ్బాలు ఒక్కొక్కటి, తెలుపు ఒకటి. వెడల్పు బ్రష్‌లు పది. క్రేయాన్లు పిల్లల దగ్గర ఉన్నవే. చిన్న చిన్న స్టీలు గిన్నెలు మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగితే ఇస్తారు, కడిగి ఇచ్చే పూచీ మీది.

చిన్న కిటుకు ఒకటి చెప్తాను, ఇది తెలిశాక నా సగం తలనొప్పి పోయింది. ఏ గిన్నెలో బ్రష్ ఆ గిన్నెలోనే ఉండాలి. రంగులు పిల్లల దగ్గరికి రావు, పిల్లలే రంగుల దగ్గరికి వెళ్తారు. వరండాలో నాలుగు చోట్ల నాలుగు గిన్నెలు పెట్టండి. పిల్లవాడు తన చదరం పట్టుకుని పసుపు దగ్గరికి వెళ్లి వేసుకుని, తర్వాత నీలం దగ్గరికి వెళ్తాడు. బ్రష్ కడిగే నీళ్ల బకెట్ అవసరమే ఉండదు, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసి పాడవ్వవు. ఒక్కసారి పన్నెండు మందిని మాత్రమే పంపండి. మిగతావాళ్లను రెండో టీచర్ క్లాసులో కూర్చోబెట్టుకోవాలి.

రెండో శనివారం క్రేయాన్‌తో వలయాలు, గట్టిగా నొక్కి. మూడో శనివారం వాటి మధ్య ఖాళీల్లో నీళ్లగా కలిపిన రంగు. క్రేయాన్‌లో మైనం ఉంటుంది కాబట్టి రంగు దాని మీద నిలవక పక్కకు జారిపోతుంది. చేయి కుదరని ఒకటో తరగతి పిల్లల బొమ్మ కూడా చక్కగా తేటగా వస్తుంది. అన్ని వలయాలూ రంగుతోనే వేయిస్తే తడి రంగులు ఒకదాంట్లో ఒకటి పాకి, మళ్లీ బురద రంగే.

ఐదో తరగతి వాళ్లను ఒకటో తరగతి వాళ్లకు జత చేయండి. కానీ పెద్దవాళ్ల పని చదరం కదలకుండా పట్టుకోవడం వరకే. "చేతులు చదరం అంచు మీదే" అని ముందే మాట తీసుకోండి.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. మీ తేదీ నవంబరు 14. మన వైపు అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈశాన్య రుతుపవనాల వానలు. చలికి, తేమకు రంగు ఒక్క రోజులో ఆరదు. అక్టోబరు మొదట్లోనే మొదలుపెట్టండి. క్లాసు గదిలో ఒక తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. ఒకదాని మీద ఒకటి దొంతరగా పెడితే మాత్రం అతుక్కుపోయి చిరుగుతాయి. ఒకసారి పదకొండు చదరాలు నాకు అలాగే పోయాయి, మళ్లీ వేయించాల్సి వచ్చింది.

అమర్చే రోజు

నాలుగో శనివారం పూర్తిగా దీనికే ఇవ్వండి. అతికించకుండా చదరాలన్నీ వరండా నేల మీద పరవండి. పిల్లలు చుట్టూ నిలబడాలి. ఎవరైనా రెండు చదరాలు అటూ ఇటూ మార్చమని అడగొచ్చు, కానీ ఎందుకో చెప్పాలి. "బాగుంటుంది టీచర్" అంటే కుదరదు.

ఒక బడిలో జరిగింది చెప్తాను. ఒక అమ్మాయి చదరం దాదాపు అంతా పసుపే. మూడో తరగతి పిల్లవాడు వేలు పెట్టి చూపించి, "అదొక్కటే అరస్తా ఉంది టీచర్" అన్నాడు. తీసి మూల పెట్టాం. అందరూ కాసేపు చూశారు. ఈసారి ఆ పసుపు చదరం వేసిన అమ్మాయే అంది, "ఇప్పుడు అలిగి పోయి కూర్చున్నట్టు ఉంది." మళ్లీ తెచ్చి నడిమికి కాస్త కింద, రెండు నీలాల మధ్య పెట్టారు. పిల్లవాడు తల పక్కకు వంచి చూసి, "ఇప్పుడు మాట్లాడతా ఉంది" అన్నాడు. షెవ్రల్ పుస్తకం నేను వాళ్లకు చదివి వినిపించలేదు. పక్క రంగు మారితే రంగు మారుతుందని కంటితో తెలుసుకున్నారు.

బడికి రాక ఎవరైనా ఆ రోజుకు తమ చదరం వేయలేకపోతే వాళ్ల చోటు ఖాళీగా వదిలేయండి. నేను ఒకసారి జ్వరంతో రాని అబ్బాయి చదరం వేరే పిల్లవాడితో వేయించబోయాను. పిల్లలు ఒప్పుకోలేదు. "వాడిది వాడే వేయాల" అన్నారు. అతడు ఎనిమిది రోజుల తర్వాత వచ్చాడు. అప్పటికే మిగతావన్నీ బోర్డు మీదికి ఎక్కేశాయి. వాడు చుట్టూ ఉన్న నాలుగు చదరాలనూ చాలాసేపు చూసి, వాటిలో ఎక్కువ లేని రంగుతో తన నడి చుక్క మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు అలా చేయమని.

అతికించడానికి ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి వాడుకోండి. మైదా జిగురు చవకే కానీ బొద్దింకలు, ఎలుకలు పడతాయి. పురుగు పట్టకుండా పూర్వం అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు, అది విషం, పిల్లలున్న చోట అసలు వద్దు. ఫెవికాల్ నాలుగు మూలలా ఒక్కో చుక్క చాలు.

నేను చేసిన రెండో తప్పు

చెప్పడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. రెండోసారి చదరాల పద్ధతిలోనే చేయించాను, బాగా వచ్చింది. మర్నాడు పెద్దలెవరో బడి చూడటానికి వస్తున్నారని తెలిసింది. ఒకటో తరగతి పిల్లల వలయాలు మరీ వంకరగా ఉన్నాయనిపించి, సాయంత్రం పిల్లలు వెళ్లాక నల్ల స్కెచ్ పెన్ తీసుకుని పది చదరాల్లో అంచులు దిద్దాను. దూరం నుంచి చూస్తే ముచ్చటగా కనబడింది. పొద్దున ఒకటో తరగతి పిల్లవాడు ఒకడు వచ్చి బోర్డు ముందు నిలబడి వెతుక్కున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "నాది ఏది టీచర్?" అన్నాడు. చూపించాను. "ఇది నాది కాదు" అన్నాడు. నిజమే, కాదు. వచ్చిన పెద్దలు ఆ బోర్డు ముందు అర నిమిషం కూడా ఆగలేదు. ఆ పిల్లవాడు ఆ ఏడాది మళ్లీ రంగు ముట్టుకోలేదు.

అప్పటి నుంచి పిల్లల బొమ్మ దగ్గర నేను పెన్ను కూడా పట్టుకోను. మీ హెడ్మాస్టర్ గారో, తోటి టీచరో "కొంచెం నీటుగా చేద్దాం" అంటారు, తప్పకుండా అంటారు. మర్యాదగానే చెప్పండి, కానీ ఒప్పుకోకండి.

"ఇదేం బొమ్మ?" అంటే

తల్లిదండ్రులు వేళాకోళానికి అడగరు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతారు. మీరు జవాబు చెప్పకండి. పిల్లల్ని చెప్పనివ్వండి. ముందు రోజు ప్రతి పిల్లవాడి చేతా ఒక్క వాక్యం చెప్పించి చూసుకోండి: "నేను ఎరుపు పక్కన తెలుపు ఎందుకు పెట్టానంటే..." అంతే చాలు. బిడ్డ తన చదరం ముందు నిలబడి కారణం చెబుతుంటే ఏ తల్లీ అర్థం కాలేదని వెళ్లిపోదు.

పెద్దలు ఎవరైనా గట్టిగా అడిగితే నేను చీర అంచు చూపిస్తాను. "ఈ అంచులో ఏం బొమ్మ ఉందమ్మా? ఏమీ లేదు కదా, అయినా ఏరి కొనుక్కున్నారు కదా" అంటాను. ఒకసారి ఒక అవ్వ నేను ఏమీ చెప్పకముందే, "మా బొంత మాదిరే ఉండాది" అని నవ్వింది.

ఆ అవ్వ మాటతోనే నాకు తర్వాతి ఏడాది పని దొరికింది. సోనియా డెలోనే అనే చిత్రకారిణి రష్యాలో పెరిగి పారిస్‌లో స్థిరపడింది. 1911లో పసివాడైన కొడుకు షార్ల్ కోసం, పల్లె ఆడవాళ్లు కుట్టే పద్ధతిలో రంగు రంగుల గుడ్డ ముక్కలు కలిపి దుప్పటి కుట్టింది. అది చూసి మిత్రులు కొత్త చిత్రకళ లాగే ఉందన్నారట. తర్వాత ఆమె చిత్రాలు అదే దారిలో సాగాయి. ఆ దుప్పటి ఇప్పుడు పారిస్ మ్యూజియంలో ఉంది. పాత చీరలతో మన అవ్వలు కుట్టే బొంతకూ దానికీ దగ్గరి చుట్టరికమే. టైలర్ దగ్గర కత్తిరింపు ముక్కలు సంచి నిండా తెచ్చి పిల్లలతో అమర్పించాం, ముగ్గురు అవ్వలు వచ్చి కుట్టారు. మీ పిల్లలకు రెండో ఏడాది ఇది చేయించండి. మొదటి ఏడాదే సూది వద్దు.

మరో మాట. ఆ బొమ్మ పైన 'భిన్నత్వంలో ఏకత్వం' అనో 'పచ్చదనం పరిశుభ్రత' అనో బ్యానర్ కట్టకండి. పిల్లలు వేసింది రంగుల పొందిక. దానికి వాళ్లు అనుకోని అర్థం మనం తగిలిస్తే వాళ్ల మాట వినే అవకాశం పోతుంది.

మిగతా చిత్రకారుల సంగతి క్లుప్తంగా

మోండ్రియన్ అనే డచ్ చిత్రకారుడి పద్ధతి నాలుగు, ఐదు తరగతులకే. అడ్డగీతలు, నిలువు గీతలు, ఎరుపు, పసుపు, నీలం, మిగతాది తెలుపు. స్కేలు పట్టడం, కొలవడం వస్తాయి కాబట్టి లెక్కల పీరియడ్‌లోనే చేయించవచ్చు. చిన్నపిల్లలకు అతడి కట్టుబాటు విసుగు.

ఆల్మా థామస్ అనే అమెరికన్ చిత్రకారిణి గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. వాషింగ్టన్‌లో ఒకే బడిలో 35 ఏళ్లు పిల్లలకు చిత్రకళ నేర్పి 1960లో రిటైరైంది. ఆ తర్వాతే తన పెద్ద చిత్రాలన్నీ వేసింది. ఎనభై ఏళ్ల వయసులో, 1972లో, న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆమె ఒక్కదాని చిత్రాలతో ప్రదర్శన పెట్టారు. పొట్టి పొట్టి రంగు ముద్రలు, మధ్యలో కొంచెం ఖాళీ, అవి వరసలుగానో వలయాలుగానో సాగుతాయి. ఒకటి, రెండు తరగతులకు బొటనవేలి ముద్రలతో ఇది అద్భుతంగా కుదురుతుంది.

శ్రీకాళహస్తి మనకు దగ్గరే కదా, కలంకారీ పెట్టవచ్చా అని ఇంకొకరు కింద అడిగారు. కలంకారీ కథ చెప్పే కళ, దాన్ని అబ్‌స్ట్రాక్ట్ అని పిల్లలకు చెప్పకండి. కానీ రంగులు చెట్ల నుంచి, ఇనుము నుంచి వస్తాయని చూపించడానికి ఒక రోజు తీసుకెళ్లవచ్చు. బడిలోనే చేయాలంటే పసుపు నీళ్లలో కొంచెం సున్నం వేసి ఎర్రబడటం చూపించండి. సున్నం చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి అది మీరే వేయాలి, పిల్లలు దూరం నుంచి చూడాలి. పసుపుతో వేసిన బొమ్మ ఎండ తగిలితే వెలిసిపోతుంది, బోర్డు మీదికి పనికిరాదు.

ఆఖరుగా మీరు అడిగిన చిన్న సందేహం: ప్రదర్శన అయ్యాక బొమ్మను ఏం చేయాలి? ఏప్రిల్ దాకా బడిలో ఉంచండి, తర్వాత విప్పి ఎవరి చదరం వాళ్లకు ఇచ్చేయండి. అందుకే ఫెవికాల్ మూలలకే అన్నాను. విప్పే ముందు మొత్తం బొమ్మకు ఒక ఫొటో తీసి బడిలో పెట్టుకోండి. చదరం వెనక పేరూ, ఏది పైవైపో తెలిసేలా ఒక బాణం గుర్తూ మొదటి రోజే పిల్లల చేతే రాయించండి. ఒకటో తరగతివాళ్లు పేరులో అక్షరం తప్పు రాసినా దిద్దకండి.

మొదటి శనివారం ఎరుపు ప్రయోగం అయ్యాక మీ పిల్లలు ఏమన్నారో ఇక్కడ రాయండి, నాకు వినాలని ఉంది.